లినక్స్‌లో వర్చువల్ మెషిన్‌కు గ్రాఫిక్స్ కార్డును అప్పగించడం ఎలా?

లినక్స్ మీద వర్చువల్ మెషిన్ నడపడం ఇప్పుడు పెద్ద విద్యేమీ కాదు. 2007లో 2.6.20 కెర్నల్‌తో కేవీఎం అనే భాగం చేరినప్పటి నుంచి హైపర్‌వైజర్ పని, అంటే వర్చువల్ మెషిన్లను నడిపే పని, లినక్స్ మూలభాగమైన కెర్నలే చూసుకుంటోంది. ప్రాసెసర్, డిస్కు, నెట్‌వర్కు గెస్ట్‌లో (అంటే వర్చువల్ మెషిన్‌లో) దాదాపు అసలు యంత్రంలో ఉన్నంత వేగంగానే నడుస్తాయి. చిక్కంతా తెర దగ్గర వస్తుంది. విండోను పక్కకు జరిపితే తడబడుతుంది, వీడియో పెడితే ఫ్యాన్లు హోరెత్తుతాయి, త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్ అయితే తెరుచుకోనే తెరుచుకోదు. గెస్ట్‌కు కనిపించేది క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్ సృష్టించిన ఉత్తుత్తి కార్డు కావడమే దీనికి కారణం. గీత గీయాలన్నా రంగు నింపాలన్నా ఆ భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది.

దీనికి రెండు మందులున్నాయి. హోస్ట్ (అంటే అసలు యంత్రం) తన కార్డు శక్తిలో కొంత గెస్ట్‌కు అరువివ్వడం ఒకటి. కార్డును మొత్తంగా గెస్ట్‌కే అప్పగించేయడం రెండోది, దీన్నే పాస్‌త్రూ అంటారు. చాలామంది నేరుగా రెండోదానికి దిగి వారాంతమంతా తల పట్టుకుంటారు. మొదటిదానితో పని గడిచిపోతుందేమో ముందు చూసుకోండి.

ఒక మాట. కమాండ్లను, సెట్టింగులను ఇక్కడ పలికే తీరులో తెలుగు అక్షరాల్లో రాస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి.

ముందు హోస్ట్ సంగతి

కార్డును ఏ డ్రైవర్ పట్టుకుని ఉందో తెలియకుండా ముందుకు వెళ్లడం దండగ. టెర్మినల్ తెరిచి 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే' అని కొట్టండి. పరికరాల జాబితా పొడవుగా వస్తుంది. అందులో 'వీజీఏ కంపాటబుల్ కంట్రోలర్' లేదా 'త్రీడీ కంట్రోలర్' అని ఉన్న చోట ఆగండి. ఆ వరుసలో మూడు విషయాలు మనకు కావాలి: మొదట్లో '01:00.0' వంటి చిరునామా, చివర చదరపు బ్రాకెట్లలో ఉన్న గుర్తింపు సంఖ్యల జంట, కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్' అన్న పంక్తి. ఈ మూడింటినీ కాగితం మీద రాసి పెట్టుకోండి. చివరిదాకా వీటితోనే పని.

ఏఎండీ కార్డు అయితే ఆ పంక్తిలో 'ఏఎండీజీపీయూ' అని ఉండాలి. 2015లో 4.2 కెర్నల్‌తో వచ్చిన ఈ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంటుంది, విడిగా ఎక్కించుకునేది ఏమీ లేదు. ఇంటెల్ అయితే 'ఐ915' గానీ, కొత్త చిప్‌లకు 'ఎక్స్ఈ' గానీ కనిపిస్తుంది. ఈ రెండు కంపెనీల విషయంలో చూసుకోవలసింది ఫర్మ్‌వేర్ (కార్డులోకి ఎక్కే చిన్న ప్రోగ్రాము) ఒక్కటే. డెబియన్ 2023లో 12వ విడుదల నుంచి స్వేచ్ఛారహిత ఫర్మ్‌వేర్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే చేర్చింది కాబట్టి ఆ తలనొప్పి కూడా చాలావరకు తీరింది.

ఎన్విడియా కథ వేరు. కెర్నల్‌లో 2010 నుంచి ఉన్న 'నూవో' డ్రైవర్ బొమ్మ చూపిస్తుంది గానీ చాలా తరాల కార్డుల నుంచి పూర్తి వేగాన్ని రాబట్టలేదు. కంపెనీ సొంత డ్రైవర్ వేసుకుంటే వేగం వస్తుంది. దాని కెర్నల్ మాడ్యూళ్ల సోర్సును ఎన్విడియా 2022 మేలో విడుదల చేసింది. కాకపోతే ఆ మాడ్యూళ్లు ట్యూరింగ్ తరం (జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 వరుసల) కార్డులకు, ఆ తర్వాతి వాటికి మాత్రమే పనికొస్తాయి. అంతకన్నా పాతవాటికి పాత మూసిన మాడ్యూళ్లే గతి. ఏదైనా సరే, మీ డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ నుంచే వేసుకోండి. కంపెనీ సైటు నుంచి తెచ్చిన ఇన్‌స్టాలర్‌ను నేరుగా నడిపితే తర్వాతి కెర్నల్ అప్‌డేట్‌కు తెర నల్లబడే అవకాశం ఎక్కువ. ప్యాకేజీ అయితే డీకేఎంఎస్ అనే ఏర్పాటు ప్రతి కొత్త కెర్నల్‌కూ మాడ్యూల్‌ను మళ్లీ తయారు చేసి పెడుతుంది. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఆ మాడ్యూల్‌పై సంతకం కూడా ఉండాలి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ అడిగి, రీబూట్‌లో నీలి తెర మీద దాన్నే మళ్లీ అడగడం ఇందుకే. తొందరలో ఆ తెరను దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు. ఎందుకు కాలేదో తెర మీద ఎక్కడా చెప్పదు కూడా.

ఇక్కడే ఒక సంగతి గమనించండి. ఎన్విడియా కార్డును పూర్తిగా గెస్ట్‌కు ఇచ్చేయదలచుకుంటే హోస్ట్‌లో ఎన్విడియా డ్రైవర్ అవసరమే లేదు. పై పేరాలోని బాదరబందీ అంతా తప్పిపోతుంది. హోస్ట్ తెరను ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ చూసుకుంటుంది. నన్నడిగితే పాస్‌త్రూలో ఉన్న అసలు సుఖం ఇదే.

అరువు పద్ధతి

గెస్ట్ కూడా లినక్సే అయితే, మీకు కావలసింది సాఫీగా కదిలే డెస్క్‌టాప్, మామూలు త్రీడీ అయితే ఇది చాలు. డెబియన్, ఉబుంటుల్లో వర్చువల్ మెషిన్లను విండోల్లో నిర్వహించే 'వర్ట్-మేనేజర్' ప్యాకేజీ ఎక్కించండి, లిబ్‌వర్ట్, క్యూఈఎంయూ కూడా దాని వెంట వస్తాయి. మీ యూజర్‌ను 'లిబ్‌వర్ట్' గ్రూపులో చేర్చి, ఒకసారి లాగౌట్ అయి మళ్లీ రండి.

మెషిన్ తయారయ్యాక దాన్ని ఆపి, వివరాల పేజీలో రెండు చోట్ల మార్పులు చేయాలి. 'వీడియో' దగ్గర మోడల్‌ను 'వర్టియో'గా మార్చి 'త్రీడీ యాక్సిలరేషన్' గడిలో టిక్ పెట్టండి. తర్వాత 'డిస్‌ప్లే స్పైస్' దగ్గర 'లిజన్ టైప్'ను 'నన్' చేసి 'ఓపెన్‌జీఎల్' గడిలో టిక్ పెట్టండి. మొదటిది చేసి రెండోది మరిచిపోతే మెషిన్ మొదలవకుండానే దోషం చూపిస్తుంది. 'లిజన్ టైప్' మార్చకపోయినా అంతే. నెట్‌వర్క్ ద్వారా తెరను పంపే దారి తెరిచి ఉండగా ఓపెన్‌జీఎల్ పద్ధతి పనిచేయదు.

గెస్ట్‌లోకి వెళ్లి 'జీఎల్ఎక్స్ఇన్ఫో' తర్వాత హైఫన్, పెద్ద బీ కొట్టి నడపండి. రెండరర్ పేరులో 'వర్జిల్' అని ఉంటే కార్డు పని చేస్తున్నట్టే. 'ఎల్ఎల్‌వీఎంపైప్' అని వస్తే ఇంకా ప్రాసెసరే బొమ్మలు గీస్తోందని అర్థం. ఈ పరీక్ష హోస్ట్‌లోనూ చేసి చూడండి. హోస్ట్‌లోనే 'ఎల్ఎల్‌వీఎంపైప్' వస్తుంటే గెస్ట్‌ను ఎంత సవరించినా లాభం లేదు.

ఈ పద్ధతికి పరిమితులున్నాయి. హోస్ట్‌లో ఏఎండీ, ఇంటెల్ డ్రైవర్లున్నప్పుడు ఇది చక్కగా నడుస్తుంది. ఎన్విడియా సొంత డ్రైవర్‌తో తరచూ మొరాయిస్తుంది. విండోస్ గెస్ట్‌కు త్రీడీ ఇచ్చే నమ్మకమైన వర్టియో డ్రైవర్ లేదు. ఎన్విడియా కార్డు మీద నడిచే క్యూడా లెక్కలు, భారీ ఆటలు, వీడియో ఎడిటింగ్ అంటే ఇక కార్డును అప్పగించక తప్పదు.

అప్పగింతకు ముందు యంత్రాన్ని పరీక్షించడం

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. ఒక కార్డును ఒక సమయంలో ఒక డ్రైవరే నడపగలదు. పాస్‌త్రూలో మీరు చేసే ప్రతి పనీ, ఎదురయ్యే దాదాపు ప్రతి తంటా ఈ ఒక్క నియమం నుంచే పుడుతుంది. హోస్ట్ డ్రైవర్ చేయి పడకముందే కార్డును పక్కన పెట్టగలిగితే సగం పని అయిపోయినట్టే.

ముందుగా రెండు గ్రాఫిక్స్ ఉండాలి: ఒకటి హోస్ట్‌కు, ఒకటి గెస్ట్‌కు. ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ హోస్ట్‌కు ధారాళంగా సరిపోతుంది. ఒకే కార్డుతోనూ చేసేవారున్నారు. గెస్ట్ మొదలైనప్పుడల్లా హోస్ట్ డెస్క్‌టాప్ మూసుకుపోతుంది కాబట్టి మొదటిసారి ఆ జోలికి పోవద్దు. ల్యాప్‌టాప్ అయితే ఇంకా కష్టం. చాలా మోడళ్లలో విడి కార్డుకు తెరతో సూటి సంబంధమే ఉండదు.

తర్వాత బయోస్. ఇంటెల్ బోర్డుల్లో 'వీటీ-ఎక్స్' కాక 'వీటీ-డీ' అని విడిగా ఒకటి ఉంటుంది, అది కూడా ఆన్ చేయాలి. ఏఎండీ బోర్డుల్లో 'ఎస్‌వీఎం', 'ఐఓఎంఎంయూ' (పరికరాల మెమరీ వాడకాన్ని అదుపు చేసే భాగం) అని ఉంటాయి. 'ఐఓఎంఎంయూ'కు 'ఆటో' విలువ ఉంటే నమ్మకండి, 'ఎనేబుల్డ్' అని ఖాయంగా పెట్టండి. అక్కడే 'ప్రైమరీ డిస్‌ప్లే' లేదా 'ఇనిషియల్ డిస్‌ప్లే అవుట్‌పుట్' అన్న సెట్టింగు ఉంటే ప్రాసెసర్ గ్రాఫిక్స్‌ను ఎంచుకోండి. మానిటర్ కేబుల్‌ను కూడా మదర్‌బోర్డు పోర్టుకు మార్చండి. ఈ చిన్న మార్పు తర్వాత గంటల కొద్దీ పాట్లను తప్పిస్తుంది. ఎలాగో కింద చెబుతాను.

ఇప్పుడు కెర్నల్‌కు చెప్పాలి. ఏఎండీలో ఐఓఎంఎంయూను కెర్నల్ తనంతట తానే వాడుకుంటుంది. ఇంటెల్‌లో బూట్ పంక్తికి 'ఇంటెల్_ఐఓఎంఎంయూ=ఆన్' చేర్చండి. రెండింటిలోనూ 'ఐఓఎంఎంయూ=పీటీ' చేరిస్తే గెస్ట్‌కు ఇవ్వని పరికరాలపై అనవసరపు భారం తగ్గుతుంది. డెబియన్, ఉబుంటుల్లో ఇవి 'ఈటీసీ' కింద 'డిఫాల్ట్' ఫోల్డరులోని 'గ్రబ్' ఫైలులో ఉంటాయి. 'సీఎండీలైన్' అని ఉన్న పంక్తిలో కొటేషన్ల లోపల చేర్చి, 'అప్‌డేట్-గ్రబ్' నడిపి రీబూట్ చేయండి.

పని జరిగిందో లేదో తెలుసుకోవడానికి లాగ్‌లు తవ్వాల్సిన పనిలేదు. '/సిస్/కెర్నల్/ఐఓఎంఎంయూ_గ్రూప్స్' ఫోల్డరు తెరిచి చూడండి. లోపల 0, 1, 2 అంటూ అంకెల ఫోల్డర్లు ఉంటే ఐఓఎంఎంయూ లేచినట్టే. ఖాళీగా ఉంటే బయోస్‌కు తిరిగి వెళ్లాలి.

గ్రూపులు చదవడం

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సిన చోటు ఇదే. కార్డు అమ్మేవాళ్లు గానీ బోర్డు అమ్మేవాళ్లు గానీ ఈ వివరం పెట్టె మీద రాయరు.

గ్రాఫిక్స్ కార్డు ప్రాసెసర్‌ను అడగకుండానే మెమరీలో చదువుతుంది, రాస్తుంది. గెస్ట్ చేతిలో కార్డు ఉందంటే, ఆ గెస్ట్ చెప్పిన చిరునామాలకు కార్డు వెళ్లి రాస్తుంది. కానీ గెస్ట్ అనుకునే చిరునామాలు వేరు, యంత్రంలోని అసలు చిరునామాలు వేరు. మధ్యలో ఉండి వాటిని సరిచేసేదీ, గెస్ట్‌కు చెందని మెమరీని ముట్టుకోకుండా ఆపేదీ ఐఓఎంఎంయూ. చిక్కేమిటంటే, ఒకే వంతెన కింద ఉన్న రెండు పీసీఐ పరికరాలు ఐఓఎంఎంయూ దాకా రాకుండానే తమలో తాము మాట్లాడుకోగలవు. అలాంటి వాటిని విడదీయడం సాధ్యం కాదని తేలినప్పుడు కెర్నల్ వాటిని ఒకే గ్రూపులో కడుతుంది. గ్రూపును ముక్కలు చేసి ఒక పరికరాన్ని గెస్ట్‌కు, ఇంకోదాన్ని హోస్ట్‌కు ఇవ్వడం కుదరదు.

పైన చెప్పిన ఫోల్డర్లలో ఒక్కొక్కదాన్నీ తెరిస్తే 'డివైసెస్' అని ఉంటుంది. అందులో పీసీఐ చిరునామాలు కనిపిస్తాయి. మీరు కాగితం మీద రాసుకున్న చిరునామా ఏ గ్రూపులో ఉందో వెతకండి. ఉదాహరణకు 1వ గ్రూపులో '00:01.0', '01:00.0', '01:00.1' ఉన్నాయనుకోండి. మొదటిది పీసీఐ వంతెన, రెండోది గ్రాఫిక్స్, మూడోది అదే కార్డులోని హెచ్‌డీఎంఐ శబ్ద భాగం. ఇది మంచి గ్రూపు. వంతెనను గెస్ట్‌కు ఇవ్వాల్సిన పనిలేదు, కెర్నల్ దాన్ని పట్టించుకోదు. తక్కిన రెండూ కలిపి ఇవ్వాలి. ట్యూరింగ్ తరం ఎన్విడియా కార్డుల్లో చాలావాటికి '01:00.2', '01:00.3' కూడా ఉంటాయి. అవి కార్డు మీది యూఎస్‌బీ-సీ పోర్టుకు చెందినవి. నాలుగూ కలిసే వెళ్లాలి.

అదే గ్రూపులో మీ డిస్కు కంట్రోలరో నెట్‌వర్కు చిప్పో కనిపిస్తే మాత్రం ఇబ్బందే. కార్డును వేరే స్లాటులోకి మార్చి మళ్లీ చూడండి. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో ప్రాసెసర్‌కు నేరుగా అతికిన మొదటి స్లాటు సాధారణంగా విడి గ్రూపుగా ఉంటుంది. చిప్‌సెట్ ద్వారా వచ్చే కింది స్లాట్లే గుంపుగా కట్టి ఉంటాయి. బయోస్ అప్‌డేట్‌తో గ్రూపులు మారిన సందర్భాలూ ఉన్నాయి.

'ఏసీఎస్ ఓవర్‌రైడ్' అనే ప్యాచ్ వేస్తే గ్రూపులు ఇట్టే విడిపోతాయని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. అది పరికరాలను నిజంగా విడదీయదు. విడిగా ఉన్నాయని కెర్నల్‌ను నమ్మిస్తుంది, అంతే. ప్రధాన కెర్నల్‌లో దానికి చోటు ఇవ్వకపోవడానికి కారణం అదే. ఇంట్లో ఆటలు ఆడుకునే యంత్రంలో ఆ సాహసం మీ ఇష్టం. ఇతరుల డేటా ఉండే హోస్ట్‌లో మాత్రం పెట్టకండి.

కార్డును పక్కన పెట్టడం

ఇప్పుడు హోస్ట్ డ్రైవర్‌కు బదులు 'వీఎఫ్ఐఓ-పీసీఐ' అనే డ్రైవర్ కార్డును పట్టుకోవాలి. 2012లో 3.6 కెర్నల్‌తో వీఎఫ్ఐఓ వచ్చింది. ఈ డ్రైవర్ బొమ్మలు గీయదు. గెస్ట్ వచ్చి తీసుకునేదాకా కార్డును ఎవరికీ చిక్కకుండా కాపలా కాస్తుంది.

'ఈటీసీ' కింద 'మోడ్‌ప్రోబ్.డీ' ఫోల్డరులో 'వీఎఫ్ఐఓ.కాన్ఫ్' అనే కొత్త ఫైలు తెరవండి. మొదటి పంక్తిలో గుర్తింపు సంఖ్యలు రాయాలి. జీటీఎక్స్ 1060 ఆరు జీబీ కార్డుకు అది ఇలా ఉంటుంది:

ఆప్షన్స్ వీఎఫ్ఐఓ-పీసీఐ ఐడీస్=10డీఈ:1సీ03,10డీఈ:10ఎఫ్1

కామాకు ముందున్నది గ్రాఫిక్స్ భాగం జంట, తర్వాతది శబ్ద భాగం జంట. ఇందులో '10డీఈ' అంటే ఎన్విడియా. ఏఎండీ అయితే '1002' అని ఉంటుంది. కామా తర్వాత ఖాళీ వదలకూడదు. కింద ఇంకో పంక్తి:

సాఫ్ట్‌డెప్ నూవో ప్రీ: వీఎఫ్ఐఓ-పీసీఐ

నూవో లోడ్ కావాలంటే ముందు వీఎఫ్ఐఓ లోడ్ కావాలని దీని అర్థం. మీ కార్డుకు హోస్ట్‌లో ఏ డ్రైవర్ ఉందో దాని పేరు 'నూవో' స్థానంలో రాయండి. శబ్ద భాగానికి 'ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్' పేరుతో మరో పంక్తి చేర్చడం మేలు.

ఫైలు భద్రపరిస్తే సరిపోదు. డ్రైవర్లు చాలావరకు డిస్కు తెరుచుకోకముందే, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న బూట్ చిత్రం నుంచి లోడ్ అవుతాయి. దాన్ని మళ్లీ తయారు చేయకపోతే మీ ఫైలును ఎవరూ చదవరు. డెబియన్, ఉబుంటుల్లో 'అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ', ఫెడోరాలో 'డ్రాకట్ -ఎఫ్', ఆర్చ్‌లో 'ఎంకేఇనిట్‌సీపీఐఓ' తర్వాత హైఫన్, పెద్ద పీ. ఆర్చ్, ఫెడోరాల్లో వీఎఫ్ఐఓ మాడ్యూల్ ఆ చిత్రంలో చేరేలా వాటి కాన్ఫిగరేషన్ ఫైలులో కూడా పేర్కొనండి.

రీబూట్ చేసే ముందు ఒక జాగ్రత్త. మరో కంప్యూటర్ నుంచి ఎస్ఎస్‌హెచ్ ద్వారా ఈ యంత్రంలోకి రాగలుగుతున్నారో లేదో చూసుకోండి. పొరపాటున హోస్ట్ తెర కార్డే వీఎఫ్ఐఓ చేతికి చిక్కితే తెర నల్లగా ఉంటుంది గానీ యంత్రం బతికే ఉంటుంది. ఎస్ఎస్‌హెచ్ ఉంటే ఆ ఫైలు తీసేసి బయటపడవచ్చు.

రీబూట్ అయ్యాక మళ్లీ 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే'. కార్డు కింద 'కెర్నల్ డ్రైవర్ ఇన్ యూజ్: వీఎఫ్ఐఓ-పీసీఐ' అని ఉండాలి. దాని కింది పంక్తిలో 'కెర్నల్ మాడ్యూల్స్: నూవో' అని ఇంకా కనిపిస్తుంది, కంగారు పడకండి. అది ఈ కార్డుకు సరిపోయే మాడ్యూళ్ల జాబితా, వాడుకలో ఉన్నది కాదు.

రెండూ ఒకే మోడల్ కార్డులైతే ఈ పద్ధతి పనికిరాదు. గుర్తింపు సంఖ్యలు ఒకటే కాబట్టి రెండింటినీ వీఎఫ్ఐఓ పట్టేసుకుంటుంది. అప్పుడు సంఖ్యలు వదిలేసి, పీసీఐ చిరునామా ప్రకారం 'డ్రైవర్_ఓవర్‌రైడ్' ఫైలులో 'వీఎఫ్ఐఓ-పీసీఐ' అని రాసే చిన్న స్క్రిప్టును ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ దశలోనే నడపాలి. కొత్తగా కార్డు కొంటున్నవారు వేరే మోడల్ ఎంచుకుంటే ఈ పని తప్పుతుంది.

మెషిన్‌ను తయారు చేయడం

వర్ట్-మేనేజర్‌లో కొత్త మెషిన్ మొదలుపెట్టి, చివరి పేజీలో 'కస్టమైజ్ కాన్ఫిగరేషన్ బిఫోర్ ఇన్‌స్టాల్' గడిలో టిక్ పెట్టడం మరవకండి. చిప్‌సెట్ 'క్యూ35', ఫర్మ్‌వేర్ 'యూఈఎఫ్ఐ'. ఈ రెండూ ఇన్‌స్టాల్ అయ్యాక మార్చడం కష్టం. ప్రాసెసర్ దగ్గర 'హోస్ట్-పాస్‌త్రూ' ఎంచుకుని, టోపాలజీలో సాకెట్ ఒకటే ఉంచి కోర్ల సంఖ్య పెంచండి. సాకెట్లు ఎక్కువ పెడితే విండోస్ హోమ్ ఒక్కదానినే వాడుకుంటుంది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. హోస్ట్‌లో 'ఎస్‌డబ్ల్యూటీపీఎం' ప్యాకేజీ ఉంటే దాన్ని ఇక్కడే చేర్చవచ్చు. డిస్కుకు 'వర్టియో' పెడితే వేగం బాగుంటుంది, కానీ విండోస్ ఇన్‌స్టాలర్‌కు ఆ డిస్కు కనిపించదు. 'వర్టియో-విన్' ఐఎస్ఓను రెండో సీడీగా తగిలించి, ఇన్‌స్టాల్ మధ్యలో 'లోడ్ డ్రైవర్' నొక్కి అందులోంచి ఇవ్వండి.

మెమరీ విషయంలో పిసినారితనం వద్దు, అత్యాశా వద్దు. పాస్‌త్రూ పరికరం ఉన్న గెస్ట్‌కు మీరు ఎంత మెమరీ రాస్తే అంతా మెషిన్ మొదలైన క్షణంలోనే హోస్ట్ నుంచి పోతుంది. కార్డు ఏ పేజీలో ఎప్పుడు రాస్తుందో తెలియదు కనుక కెర్నల్ ఆ పేజీలన్నిటినీ కదలకుండా బిగిస్తుంది. స్వాప్‌కు పంపలేదు. బెలూన్ పద్ధతిలో వెనక్కి తీసుకుందామన్నా కుదరదు. 16 జీబీ యంత్రంలో గెస్ట్‌కు 14 ఇచ్చి హోస్ట్ ఎందుకు నీరసపడిందా అనుకోకండి.

ఆపరేటింగ్ సిస్టమ్‌ను ముందు ఉత్తుత్తి తెరతోనే ఎక్కించండి, కార్డును ఇంకా తగిలించకండి. అంతా నడుస్తోందని తేలాక మెషిన్‌ను ఆపి, 'యాడ్ హార్డ్‌వేర్'లో 'పీసీఐ హోస్ట్ డివైస్' నుంచి కార్డు గ్రాఫిక్స్ భాగాన్ని, మళ్లీ అక్కడి నుంచే శబ్ద భాగాన్ని చేర్చండి. రెండో మానిటర్‌ను గానీ అదే మానిటర్ రెండో ఇన్‌పుట్‌ను గానీ కార్డుకు కలపండి. మెషిన్ మొదలుపెట్టి, గెస్ట్‌లో కార్డు తయారీ కంపెనీ డ్రైవర్‌ను మామూలు కంప్యూటర్‌లో వేసినట్టే వేయండి. కార్డు నుంచి బొమ్మ వచ్చాక ఉత్తుత్తి వీడియోను 'నన్' చేసేయవచ్చు.

కీబోర్డు, మౌస్‌ల కోసం 'యూఎస్‌బీ హోస్ట్ డివైస్' ద్వారా విడి జత ఒకటి ఇస్తే తేలిక. కేబుల్ మార్చే పని లేకుండా గెస్ట్ తెరను హోస్ట్‌లోనే ఒక విండోలో చూడాలంటే 'లుకింగ్ గ్లాస్' ఉంది. అది కార్డు గీసిన ఫ్రేములను ఉమ్మడి మెమరీ ద్వారా హోస్ట్‌కు చేరుస్తుంది. మొదటిరోజే దాని జోలికి వెళ్లకండి. కేబుల్‌తో బొమ్మ వచ్చాక చూసుకోవచ్చు.

మొరాయించినప్పుడు

మెషిన్ మొదలవుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అప్పుడు హోస్ట్‌లో 'డీమెసేజ్' లాగ్ చూడండి (టైపు చేసేది డీ-ఎం-ఈ-ఎస్-జీ అనే అయిదు అక్షరాలే). 'బార్ 1: కాంట్ రిజర్వ్' అని పంక్తుల మీద పంక్తులు వస్తుంటే, బూట్ సమయంలో తెర చూపించడానికి వాడిన ఫ్రేమ్‌బఫర్ కార్డు మెమరీని వదల్లేదని అర్థం. పైన బయోస్‌లో ప్రైమరీ డిస్‌ప్లే మార్చమన్నది ఇందుకే. బూట్ తెర ఏ కార్డు మీద వస్తే ఆ కార్డు ఫ్రేమ్‌బఫర్‌కు చిక్కుతుంది. మీ బయోస్‌లో ఆ సెట్టింగు లేకపోతే బూట్ పంక్తికి 'ఇనిట్‌కాల్_బ్లాక్‌లిస్ట్=సిస్‌ఎఫ్‌బీ_ఇనిట్' చేర్చి చూడండి. పాత రాతల్లో కనిపించే 'వీడియో=ఈఎఫ్ఐఎఫ్‌బీ:ఆఫ్' కొత్త కెర్నళ్లలో పనిచేయదు.

విండోస్ గెస్ట్‌లో ఎన్విడియా కార్డు 'కోడ్ 43' చూపిస్తే ముందు డ్రైవర్ వెర్షన్ చూడండి. ఒకప్పుడు ఆ డ్రైవర్ వర్చువల్ మెషిన్‌లో ఉన్నానని పసిగట్టి కావాలనే ఆగిపోయేది. అందుకని హైపర్‌వైజర్‌ను దాచే ఉపాయాలు పుట్టాయి. 2021 మార్చిలో వచ్చిన 465 వెర్షన్ నుంచి జీఫోర్స్ కార్డులకు ఆ అడ్డు తొలగింది. ఇప్పుడు కూడా ఆ దోషం వస్తుంటే కారణం వేరే ఉంటుంది. ఎక్కువగా శబ్ద భాగాన్ని చేర్చడం మరిచి ఉంటారు, లేదా కార్డు రోమ్ (కార్డు సొంత బయోస్) దెబ్బతిని ఉంటుంది. బూట్ తెరగా వాడిన కార్డుల్లో రోమ్‌కు ఇది మామూలే. మంచి రోమ్ ఫైలును విడిగా ఇవ్వాల్సి ఉంటుంది.

ఏఎండీ కార్డులతో వచ్చే సమస్య తీరు వేరు. మొదటిసారి చక్కగా నడుస్తుంది. గెస్ట్‌ను ఆపి మళ్లీ మొదలుపెడితే బొమ్మ రాదు, హోస్ట్‌ను రీబూట్ చేస్తే గానీ కదలదు. కార్డు తనను తాను సరిగా రీసెట్ చేసుకోలేకపోవడమే కారణం. పొలారిస్, వేగా, ఆర్ఎక్స్ 5000 తరాల్లో ఇది పేరుమోసిన లోపం. 'వెండర్-రీసెట్' అనే అదనపు కెర్నల్ మాడ్యూల్ వాటిలో చాలావాటికి పనిచేస్తుంది. ఆర్ఎక్స్ 6000 తరంలో పరిస్థితి బాగా మెరుగుపడింది.

బొమ్మ వచ్చి, వేగం ఉండి, నడుమ నడుమ కుదుపులు వస్తుంటే కార్డును అనుమానించకండి. గెస్ట్ కోర్లను హోస్ట్ షెడ్యూలర్ అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. 'ఎల్ఎస్‌సీపీయూ -ఈ' చూపే పట్టికలో ఏ థ్రెడ్లు ఒకే కోరుకు, ఒకే క్యాష్‌కు చెందినవో చూసి, గెస్ట్ కోర్లను వాటికి జతలుగా కట్టేయండి. మెషిన్ ఎక్స్‌ఎంఎల్‌లో 'వీసీపీయూపిన్' పంక్తులు ఇందుకే ఉన్నాయి. మొదటి కోరును హోస్ట్‌కే వదలండి. శబ్దం పటపటమంటుంటే గెస్ట్‌లో కార్డు శబ్ద భాగం ఎంఎస్ఐ (మెసేజ్ సిగ్నల్డ్ ఇంటరప్ట్) అంతరాయాలు వాడుతోందో లేదో చూడండి. చాలాసార్లు అక్కడే తెగుతుంది.

అప్‌డేట్లు, వెనక్కి రావడం

కెర్నల్ అప్‌డేట్ వచ్చాక ఒకసారి 'ఎల్ఎస్‌పీసీఐ' చూసి, కార్డు వీఎఫ్ఐఓ చేతిలోనే ఉందని నిర్ధారించుకోండి. పాత కెర్నల్‌ను కనీసం ఒకదాన్ని బూట్ మెనూలో ఉంచండి. బోర్డులో కొత్త కార్డో కొత్త డిస్కో పెడితే పీసీఐ చిరునామాలు మారవచ్చు. నిన్నటి '01:00.0' ఇవాళ '02:00.0' అయితే మెషిన్ మొదలవదు, లేదా ఇంకేదో పరికరాన్ని లాక్కుంటుంది. మెషిన్ వివరాల్లో పాత పరికరాన్ని తీసి కొత్త చిరునామాతో చేర్చుకోవాలి.

కార్డు హోస్ట్‌కే కావాలనిపిస్తే మెషిన్ నుంచి రెండు పీసీఐ పరికరాలనూ తీసేయండి. 'వీఎఫ్ఐఓ.కాన్ఫ్' ఫైలును తొలగించి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారు చేసి, రీబూట్ చేయండి. ఆర్చ్, ఫెడోరాల్లో కాన్ఫిగరేషన్‌లో చేర్చిన మాడ్యూల్ పేరును కూడా తీసేయాలి. బూట్ పంక్తిలోని ఐఓఎంఎంయూ మాటలను అలాగే ఉంచినా నష్టం లేదు.